దిండు కింద కంపెనీ చొక్కా

“పలకరించడానికి వచ్చినోడివి పలకరించి వెళ్ళు. నా చొక్కాతో నీకేం పని?”

“అరవమాకక్కా. అది కంపెనీ చొక్కా. తిరిగిచ్చెయ్యాలి, రూలు.”

“కొనుక్కోకపోతే లోడివ్వనన్న రోజున నాదా? ఇప్పుడు కంపెనీదైందా?”

అద్దంకి ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు గుమ్మం దగ్గర ప్రభు ఆగిపోయాడు. లోపల మంచం మీద కోటేశ్వరి, కాలికి పెద్ద కట్టు. ఎదురుగా పార్శిళ్ళ హబ్ ఇన్‌ఛార్జి వీరబాబు. ఏనాడూ ఎవరికీ టీ కూడా పోయించని మనిషి కొబ్బరిబోండాం పట్టుకొచ్చాడు. రెండో చేతిలో ఖాళీ సంచి. ఆ సంచి ప్రభుకి నచ్చలేదు.

కోటేశ్వరి ఒకప్పుడు మిరప కోతలకి వెళ్ళేది. చీర మీద మొగుడి పాత చొక్కా వేసుకుని సాలు పట్టిందంటే పక్కవాళ్ళు వెనకబడాల్సిందే. మొగుడు పోయాక స్కూటీ నేర్చుకుని పార్శిళ్ళ పనిలో చేరింది. ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వబోతే, “అప్పుడూ చొక్కానే, ఇప్పుడూ చొక్కానే. బొమ్మ ఒకటి ఎక్కువొచ్చింది, అంతే” అని జేబు మీది కంపెనీ గుర్తు చూపించి తనే ముందు నవ్వేసేది.

డిగ్రీ మధ్యలో వదిలేసి అదే హబ్‌లో చేరిన ప్రభుకి మొదటినుంచీ అనుమానమే. ఆలస్యమైతే ఆ రోజు పంచాల్సిన పార్శిళ్ళ లోడు ఆపేస్తారు. సెలవు కావాలంటే వీరబాబుని బతిమాలాలి. పీఎఫ్, ఈఎస్ఐ ఏవని అడిగితే మాత్రం “మీరు ఉద్యోగులు కాదు, పార్ట్‌నర్లు” అంటారు. కాంట్రాక్టర్లకి కోసే పన్ను మాత్రం మరిచిపోకుండా కోస్తారు. ఈ సంగతి టీకొట్టు దగ్గర అతను తిట్టని రోజు లేదు.

నిన్న పార్శిళ్ళతో వెళ్తున్న కోటేశ్వరి, చీమకుర్తి రాళ్ళ లారీకి దారిస్తూ రోడ్డు అంచుకి దిగింది. అక్కడ ఆరబోసిన మిరపకాయల మీద చక్రం జారింది. కాలెముక విరిగింది, ఆపరేషన్ చెయ్యాలన్నారు. కంపెనీ ఏమంది? ఆమె మా మనిషి కాదు, సొంత పని మీద వెళ్తూ పడింది, ఖర్చుతో మాకు సంబంధం లేదు. తెల్లారేసరికి యాప్‌లో ఆమె ఐడీ మూసేశారు. ఆమె ఫిర్యాదు మీద కాసేపట్లో లేబరాఫీసరు వస్తున్నాడు. ఈలోపే బోండాం వచ్చింది.

ప్రభు లోపలికి నడిచాడు. “ఏంటన్నా, చిరిగిన చొక్కా తీసుకెళ్ళి ఫ్రేము కట్టిస్తారా?”

“ఒరేయ్, నీకెందుకురా? నీ ఐడీ కూడా నా చేతిలోనే ఉంది, గుర్తుపెట్టుకో.”

వీరబాబు ఫోన్ మోగింది. “ఇంకా ఇవ్వట్లేదు సార్” అంటూ వరండాలోకి పోయాడు.

ప్రభుకి కోటేశ్వరి మీదా అనుమానమొచ్చింది. “ఎంతో కొంత చేతిలో పెడితే ఇచ్చేస్తావా అక్కా?”

“ఇచ్చేదాన్నైతే దిండు కింద ఎందుకు పెట్టుకుంటాన్రా? కానీ నేను కంపెనీ మనిషినని ఒక్క చొక్కా ఏం సాక్ష్యం చెప్పుద్ది? బజార్లో కుట్టించుకుందంటాడు వాడు.”

వరండా బయట జీపు ఆగిన చప్పుడు వినిపించింది. ప్రభు తన ఒంటిమీది కంపెనీ చొక్కా వైపు చూసుకుని గుమ్మం వైపు అడుగేశాడు. కోటేశ్వరి అతని మణికట్టు పట్టుకుంది.

“వెళ్ళమాక, ప్రభూ. మనకి లోడెవరిస్తారో, సెలవెవరిస్తారో, టీకొట్టు దగ్గర నాకు రోజూ చెప్తావే, అదే ఆ ఆఫీసరుకి చెప్పు. ఆ చొక్కాతోనే, వీరబాబు ఎదురుగా చెప్పు.”