పేరంటాలమ్మకు పెట్టిన చీర

చరిత్ర, మతం కలిపి చదువుతానని గీతిక రాజమహేంద్రవరంలో యూనివర్సిటీలో చేరినప్పుడు, తణుకు దగ్గర వాళ్ల ఊళ్లో నవ్వనివాళ్లు లేరు. "పాసైతే గుళ్లో ఉద్యోగం ఇస్తారా ఏంటి?" అని పిన్ని ఆరా తీసింది. వెనకేసుకొచ్చింది మామ్మ రత్నమాణిక్యం ఒక్కతే. దేవుళ్ల గురించి చదివే చదువు మంచిదే అయ్యుంటుందని ఆవిడ నమ్మకం. పాపం, దాని ఫలితం ఆవిడే అనుభవించింది.

ఆ ఇంటికో పేరంటాలమ్మ ఉంది. ఎప్పటిదో, ఆ ఇంటి కోడలే. పదిహేనేళ్లు నిండని పిల్ల. మొగుడు పోయిన రోజే కాలవలో దూకి దేవతయిందని ఇంట్లో చెప్పుకునే కథ. ఏటా మాఘమాసంలో సామాన్ల గదిలో పీట వేసి కొత్త చీర, పసుపు కుంకుమ, గాజులు పెడతారు. దణ్ణాలయ్యాక ఆ చీర ఇంటి ఆడపిల్ల కడుతుంది. మామ్మకు ఆ పీటే పుట్టిల్లు. మొగుడి కోపం, పోయిన బిడ్డ, మోకాళ్ల నొప్పులు, అన్నీ ఆవిడ చెప్పుకున్నది అక్కడే.

గీతిక ప్రాజెక్టుకి పేరంటాలమ్మనే ఎంచుకుంది. ఫోనులో రికార్డింగు పెట్టి మామ్మ ముందు కూచుంది. మామ్మ ముచ్చటపడి ఇంటి కథంతా చెప్పింది. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. కొత్తగా వచ్చిన చదువు ఊరుకోనిస్తుందా?

"దూకడం ఎవరైనా చూశారా మామ్మా?"

మామ్మ వాకిలి వైపోసారి చూసి, గొంతు తగ్గించింది.

"మా అత్తగారు పోయేముందు నాతో ఓ మాటన్నారు. దూకిందో, తోశారో తెలీదంట. నీళ్లల్లో పడ్డాక మాత్రం కొట్టుకుంటూ వచ్చి గట్టు పట్టుకుందంట. ఇంట్లోవాళ్లందరూ గట్టు మీదే ఉన్నారంట. ఒక్కళ్లూ చెయ్యి ఇవ్వలేదంట."

ఇన్నేళ్లూ ఆ మాటను మనసులో ఓ మూల పడేసి బతికింది మామ్మ. పైకి అన్నాక అది మూలన ఉండనంది.

చరిత్ర చెప్పే వెంకటరాజు గారు ప్రాజెక్టు చదివి, "నోటి మాటమ్మా ఇది. ఆధారం ఏదండి?" అన్నారు. మతం చెప్పే సూర్యకళ మేడం, "భక్తులు నమ్మేది రాయండమ్మా. అది జరిగిందా లేదా అన్నది మన పని కాదు" అన్నారు. ఇద్దరూ మంచివాళ్లే. రెండు సబ్జెక్టులు కలిపినా ఆ పిల్ల నిలబడేంత చోటు లేకపోయింది. గీతిక గట్టు సంగతి రాసిన పేజీలు తీసేసింది. మార్కులు బాగానే వచ్చాయి. గట్టు మీద నిలబడ్డవాళ్లలో తనూ చేరినట్టనిపించి, ఆ మార్కులు చూసి ఏడ్చింది.

మళ్లీ మాఘమాసం వచ్చింది. మామ్మ పీట వేసి చీర పెట్టింది, దీపం వెలిగించింది. ఏటా అక్కడ కూచుంటే పిలిచినా లేవని మనిషి, ఈసారి దణ్ణం పెట్టి వెంటనే లేవబోయింది.

"ఏం అడగలేదేంటి మామ్మా?"

"నేనేం అడుగుతానే? అడగాల్సింది ఆ పిల్ల కదా, మనల్ని."

చీర గీతిక చేతికి ఇవ్వబోయి, మళ్లీ పీట మీదే పెట్టేసింది. ఆ ఏడు దాన్ని ఎవరూ కట్టలేదు. వానాకాలానికి మామ్మ మోకాళ్లు బాగా వాచాయి. నొప్పని ఆవిడ ఎవరితోనూ అనలేదు. చెప్పుకునేందుకు ఆవిడకు ఎవరూ మిగల్లేదు.