కోడిని పావురం చేసిన వాళ్ళం

పోయిన నెల ఫోన్లో ఒక మెసేజీ వచ్చింది. మాండలిక కవితల పోటీ పెడుతున్నారట, పల్నాడు వాణ్ణి కాబట్టి న్యాయనిర్ణేతగా నేనుండాలట. పంపినాయన పేరు నాకు కొత్త కాదు. ఇరవై ఏళ్ల కిందట, ఇంటర్నెట్టులో తెలుగు కవుల గుంపులు అప్పుడప్పుడే పుడుతున్న రోజుల్లో, అలాంటి ఒక గుంపుకు పెద్దమనిషి ఆయన. ఒక ముసలామె మాటను నా చేత గొంతు పిసికి చంపించినవాడు కూడా ఆయనే. పిసికిన చేతులు మాత్రం నావి. అందుకే ఆయన్ని ఎప్పుడు తిట్టుకోబోయినా సగం నాకే తగులుతుంది.

అప్పట్లో నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. మా ఊరు ఈపూరు వైపు. రోజూ బస్సులో వచ్చి పోయేవాణ్ణి. సాయంత్రం బస్సు వచ్చేదాకా బస్టాండు పక్కన నెట్ సెంటర్లో ఒక గంట కూర్చోవడం అలవాటు. అక్కడి కీబోర్డుల మీద సగం అక్షరాలు అరిగిపోయి ఉండేవి. ఒకరోజు పాఠం కోసం ఏదో వెతుకుతుంటే, పై దేశాల కవులు తమ రాతలు పెట్టుకుని ఒకరినొకరు మొహమాటం లేకుండా ఉతికి ఆరేసుకునే సైటు ఒకటి కనబడింది.

అందులో స్కాట్లండ్ ముసలాయన ఒకాయన ఉండేవాడు. చేపల పడవల మీద పనిచేసి మానుకున్నానని రాసుకున్నాడు. ఆయన కవితలు ఇంగ్లీషు కావు, ఇంగ్లీషుకు దాయాది అనదగ్గ వాళ్ళ ఊరి భాష. పిల్లలకు ఇంగ్లీషు చెప్పి బతుకుతున్న నాకు మొదటి కవితలో మూడోవంతు కూడా అర్థం కాలేదు. సిగ్గు విడిచి అడిగాను. ఆయన విసుక్కోకుండా ఒక్కో మాటకూ అర్థం రాశాడు. ఇది బూట్లకు అంటుకునే తడి మంచు, ఇది ఏడుపు ఆపుకుంటూ ముక్కు ఎగబీల్చడం, ఇలాగ. అర్థాలు కవిత కిందే పెట్టాడు గానీ కవితలో మాత్రం ఒక్క మాట మార్చలేదు. ఎవరో వచ్చి, మామూలు ఇంగ్లీషులో రాస్తే అందరికీ అందుతుంది కదా అని సలహా పారేశాడు. చిన్నప్పుడు బళ్ళో ఈ మాటలు నోట వస్తే పంతులు అరచేతిమీద తోలుపట్టీతో కొట్టేవాడనీ, అన్ని దెబ్బలు తిని దాచుకున్నవాటిని నువ్వు అడిగావని వదలననీ ముసలాయన జవాబు రాశాడు. తర్వాత నన్నడిగాడు, మీ ఊళ్ళో ఎట్లా మాట్లాడతారు, అందులో కవిత్వం ఉందా అని.

ఉంది. మా ఎదురింటి పెద్దమ్మ నోట్లో ఉంది. పెద్దమ్మ అనేది వరసకు పిలుపే, చుట్టరికం లేదు. మిరప చేలల్లో కూలికి పోయే మనిషి, బడి మొహం చూడలేదు. మా వైపు కోడో బిందో పోతే ఎవరూ స్టేషను మెట్లెక్కరు. పొద్దుగూకి అందరూ ఇళ్లకు చేరే వేళకు, సొమ్ము పోయిన ఆడమనిషి వీధి మధ్య నిలబడి దొంగను తిడుతుంది. పేరు పెట్టకూడదు. వినేవాళ్ళు మారు పలకకూడదు. పలికారా, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే. ఈ విద్యలో మా పెద్దమ్మకు సాటి లేదు. తమ కోడి పోతే ఆమెను పిలుచుకుపోయి తిట్టించుకున్న ఇళ్ళు నాకు తెలుసు. ఆమె గొంతు లేచిందంటే కంచాల ముందు కూర్చున్నవాళ్ళు ముద్ద ఆపి వినేవాళ్ళు.

ఆ వారంలోనే ఆమె పెట్టకోడి పోయింది. ఆమె వీధిలోకి రాగానే నేను మా అరుగు మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాను.

"నా పెట్టను కోసుకు తిన్నోడా, ఆ ముద్ద నీ గొంతున అడ్డంపడ. నీ పొయ్యి పొగ నీ కళ్ళల్లోనే తిరగ. నీ ఇంటి దూలానికి చెద పట్ట. కూర వాసన మూత పెట్టి దాస్తావు, ఈకలు యాడ దాస్తావురా? గాలి నాకు మేనమావ. ఏరుకొచ్చి నా వాకిట్లోనే పోసిద్ది."

గాలి మేనమామ అనే మాట దగ్గర నా కలం ఆగిపోయింది. కోడి పోయి ఒంటరిగా నిలబడిన మనిషి గాలిని చుట్టరికం కలిపి తన పక్షాన తెచ్చుకుంది. నాకు ఒకే ఒక్క కోరిక పుట్టింది. ఈ మాటలు ఉన్నవి ఉన్నట్టు, ఆమె పేరు మీదే అచ్చులో చూడాలి. వెళ్ళి అడిగితే ఆమె పడీపడీ నవ్వింది.

"నా తిట్లు పుస్తకంలోనా? ఏయించరా. ఆ దొంగ సచ్చినోడు సదువుకున్నోడైతే సదువుకుంటాడు."

నేను కూడా చేరిన ఆ తెలుగు కవుల గుంపు అప్పుడే ఒక కవితా సంకలనం వేసే పనిలో ఉంది. నేను కష్టపడి ఒక్కో అక్షరం కొట్టి ఆ తిట్టును అక్కడ పెట్టాను, ఎవరిదో, ఎట్లా పుట్టిందో కూడా రాశాను. వెంటనే పొగడ్తలు వచ్చి పడ్డాయి. మట్టి పరిమళం అన్నారు. చెప్పుకు కాస్త బురదంటితే ఆ చెప్పే విడిచేసే జనం! తర్వాత పెద్దమనిషి దిగాడు. బాగుందిగానీ కొంచెం చెక్కాలి అన్నాడు. మాండలికం పాత్ర నోట ఉండొచ్చుగానీ కవి నోట ఉండకూడదట. యాడ తీసి ఎక్కడ పెట్టించాడు, పోసిద్ది తీసి పోస్తుంది పెట్టించాడు. నేను ఊఁ అన్నాను. రెండు రోజులాగి, కోడి అనగానే పాఠకుడికి కూర గుర్తొస్తుంది, కోడిని పావురం చేద్దాం అన్నాడు. దానికీ ఊఁ అన్నాను. చెద, దూలం, పొగ జుగుప్స కలిగిస్తాయని ఎగిరిపోయాయి. గాలి పవనుడయ్యాడు, మేనమామ వరస పోయింది. శాపం మీద కవిత ముగియకూడదు, ఆ తల్లి దొంగను క్షమించాలి అని చివరికి తేల్చాడు. ఆమె పేరు వేస్తే అది జానపద సేకరణ అవుతుంది కాబట్టి నా పేరే ఉండాలన్నాడు.

కాదు అని ఒక్కసారి అంటే ఏమయ్యేది? సంకలనంలో ఉండేవాణ్ణి కాదు, అంతే. నా పేరు అచ్చులో చూసుకోవాలన్న కక్కుర్తి నాకు అంత ఉందని నాకే తెలియదు.

పుస్తకం పోస్టులో వచ్చింది. 'ఓ అజ్ఞాత మిత్రమా, నా పావురాన్ని అపహరించిన నీ ఆకలికి నా కన్నీటి వందనం' అని మొదలై, 'పవనుడు మోసుకొచ్చిన ఈకల సాక్షిగా నిన్ను క్షమిస్తున్నాను' అని ముగిసింది. దాన్ని ఎక్కడైనా దాచేస్తే సరిపోయేది. కానీ పెద్దమ్మ రోజూ అడుగుతోంది, తిట్లు అచ్చయ్యాయా అని. ఒక ఆదివారం పొద్దున ఆమె వాకిట్లో పీట వేసుకుని చదివాను. మిరపకాయల తొడిమలు తీస్తూ వింది. సగంలోనే చేతులు ఆగాయి. కోడి ఏదిరా అని అడిగింది. పావురంగా మార్చారని చెప్పాను. ఎందుకని అడిగితే, చదువుకున్నవాళ్ళు దిద్దారని చెప్పాను. అబద్ధం కాదుగానీ, దానికి ఒప్పుకున్నది నేనన్న సంగతి మింగేశాను.

ఆమె తిడుతుందనుకున్నాను. నిజానికి తిట్టాలనే కోరుకున్నాను. నన్నూ, వాళ్ళనూ, మా పావురాన్నీ కలిపి దుమ్మెత్తిపోస్తే నా కడుపు చల్లబడేది. ఆమె మాత్రం మళ్ళీ తొడిమలు తీయడం మొదలుపెట్టింది.

"అంత సదువుకున్నోళ్ళు దిద్దారంటే నా మాట బాగోకే దిద్దుంటారులే," అంది మెల్లగా. "నా నోరు ఇట్టాంటిదని నాకెవురూ చెప్పలేదురా."

నీ మాటే బాగుంది పెద్దమ్మా, వాళ్ళకే రుచి తెలియదు అని ఎంతో చెప్పాను. పుస్తకం చేతిలో పట్టుకుని చెబుతున్నాను మరి, ఎందుకు నమ్ముతుంది? అచ్చయిన మాట ముందు నా మాట ఆనలేదు. స్కాట్లండ్ ముసలాయన, మీ పెద్దమ్మ కవిత ఏమయిందని రెండుసార్లు అడిగాడు. నేను జవాబు రాయలేదు. కొన్నాళ్ళకు ఆ సైటే మూతపడింది.

పోయిన నెల ఆయన ఆ పోటీ కవితలు మచ్చుకు నాలుగు పంపితే చూశాను. అంతా పుస్తకాల తెలుగే, మధ్యమధ్యలో ఒక ఏంది, ఒక చానా. అన్నం సగం ఉడికాక పైన ఉప్పు జల్లినట్టుంది. ఒకప్పుడు మాండలికాన్ని గేటు దగ్గరే ఆపినాయన ఇప్పుడు దానికి బహుమతి ఇస్తున్నాడు, అదీ నకిలీ సరుకుకు. నావల్ల కాదని రాసి పడేశాను. మీలాంటివాళ్ళే ఇలా అంటే భాష ఎలా బతుకుతుంది అని ఆయన బాధపడ్డాడు. ఆ బాధ చదివి ఫోను మంచం మీదకు విసిరికొట్టాను.

పెద్దమ్మ ఇంకా ఉంది. నడుం వంగిందిగానీ గొంతు తగ్గలేదు. తగ్గేదల్లా నా ముందే. ఆ ఆదివారం నుంచీ నాతో మాట్లాడేటప్పుడు ఒక్కో మాటా వెతుక్కుంటుంది, సగంలో ఆగి నా మొహం చూస్తుంది, టీవీలో వినే మాట దొరికితే అది పెడుతుంది. మిగతా ఊరంతటితో మామూలే.

మొన్న వాళ్ళింటికి పోతుంటే ప్రహరీ అవతల నుంచి ఆమె గొంతు వినబడింది. ఎవరి మేకో ఆమె చిక్కుడు పాదులో పడింది. "నీ మూతి మండ, నీ అత్తగారు పెట్టిన పాదనుకున్నావా ఏందే? పీకల్దాకా మెక్కి మళ్ళా నా మొకమే చూస్తండావా?" అని దంచుతోంది. నేను అడుగు ముందుకు వేయలేదు. నన్ను చూస్తే ఆ ధార ఆగిపోతుందని తెలిసి, గోడకు ఆనుకుని దొంగలా విన్నాను. ఎన్నేళ్లయింది అంత నిండుగా వినిపించి. ఇంతలో మేక గోడ దూకి నా కాళ్ళను రాసుకుంటూ పరిగెత్తింది. దాని వెనకే కర్ర ఎత్తుకుని పెద్దమ్మ బయటికొచ్చి నన్ను చూసింది. కర్ర దించింది. పైట సర్దుకుంది. నాలుక చివరిదాకా వచ్చిందాన్ని మింగడం కూడా నాకు కనబడింది.

"రండి," అంది. "లోపలికి వచ్చి కూర్చోండి."