దొరవారి గరిటె

ఆ రోజుల్లో పాతబస్తీ జహనుమాలోని మా గల్లీలో ప్రతి ఇంటికీ ఒక గొప్ప పూర్వీకుడు ఉండేవాడు. పక్కింటి దర్జీ భాయ్ తాత నవాబులకు షేర్వాణీలు కుట్టాడట. ఎదురింటి మేస్త్రీ ముత్తాత నవాబుల దేవిడీ మహలుకు గోడలు లేపాడట. ఇరుకు ఇళ్లలో బతికేవాళ్లు గతాన్ని కాస్త విశాలంగా కట్టుకుంటారు కాబోలు. అందరిలోకీ పెద్ద గతం మాది. మేము తెలుగు క్రైస్తవులం, మాట తెలుగు, రంగు నలుపు, ఇంటిపేరు మాత్రం అచ్చ ఇంగ్లీషు. మేము బాపు అని పిలిచే మా నాన్నకు తాత, అంటే నా ముత్తాత, ఓడలో వచ్చిన ఒక తెల్ల సైనికాధికారికి పుట్టాడనీ, ఆ అధికారిది ఇంగ్లండులో సొంత వంశచిహ్నం గల ఇల్లనీ బాపు నమ్మకం. రుజువు ట్రంకుపెట్టెలో పాత దుప్పటి కింద ఉండేది: కాడ మీద డాలు, డాలు మీద ఒక జంతువు చెక్కిన పెద్ద వెండి గరిటె. బాపు దాన్ని చుట్టాలకు చూపించినప్పుడల్లా మా మేనత్త ఊరుకునేది కాదు. "దొరలు సచ్చేటప్పుడు కత్తి ఇడిసిపోతరు. మనోడు గంటె ఇడిసిపోయిండేందే అన్నా?"

పందొమ్మిది వందల డెబ్బైలలో, నాకు ఇరవై ఆరేళ్లప్పుడు, రైల్వే ఫిట్టరుగా రిటైరైన బాపు ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయి. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. మంచం మీద బాపుకు మిగిలిన కోరిక ఒక్కటే. "నన్ను మా దొర పక్కన పెట్టు బిడ్డా." దొర సమాధి మూసీ అవతల తెల్లవాళ్ల పాత సమాధుల తోటలో ఉంది. దాన్ని చూసుకునే కమిటీ పెద్ద మనిషిని కలిశాను. "ఆడ జాగ లేదు. ఆయన సంతానమైతే ఆలోచన చేస్తం. కాయితం తే. నోటిమాట మీద బాప్తిస్మం ఇస్తం గానీ గుంత ఇయ్యం" అన్నాడు.

నేనొక ప్రభుత్వ ఫ్యాక్టరీలో స్టోర్సు గుమాస్తాను. కాగితం అనే మాట వింటే నాకు ప్రాణం లేచివచ్చేది. ఆ సాయంత్రమే డైరీలో నాలుగు పేజీల పథకం రాసుకున్నాను. ముందుగా చర్చి పాత రిజిస్టరు చూశాను. ఒక గడిలో ముత్తాత పేరు, పక్క గడిలో అదే ఇంటిపేరుతో దొర పేరు ఉన్నాయి. పై శీర్షికను చెదలు తినేశాయి. ఒక పేరు పక్కన అదే ఇంటిపేరు ఉంటే తండ్రి కాక మరెవరు? ('తండ్రి' అని నేనే పూరించుకున్నాను. స్టోర్సులో ఆ పని ఇంకొకరు చేస్తే మెమో ఇచ్చేవాణ్ని.) తరువాత దొర సమాధిరాయి మీదున్న ఇంగ్లండు ఊరి పేరు రాసుకుని, గరిటె మీది చిహ్నం అచ్చు తీయించడానికి పత్తర్‌గట్టిలో ముద్రలు చెక్కే ముసలాయన దగ్గరికి వెళ్లాను. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"క్యా జాన్వర్ హై యే?"

"షేర్ హై, చాచా. ఖాందాన్ కా నిషాన్." సింహమనీ, మా వంశచిహ్నమనీ గర్వంగా చెప్పాను.

"షేర్? కుత్తా దిస్తా మియా. ఔర్ యే చాందీ భీ నై. ఉప్పర్ పూత హై, బస్." ఆయన కంటికి అది కుక్కేనట, గరిటె వెండిదీ కాదట, పైన పూతేనట.

ఆ అచ్చు జతచేసి ఆ ఊరి చర్చి పాస్టరుకు ఉత్తరం రాశాను. జవాబు రాకముందే నాలో మార్పులు వచ్చాయి. టీని సాసరులో పోసుకుని తాగడం మానేశాను. మే నెల ఎండలో టై కట్టుకుని బహదూర్‌పురా బస్సెక్కితే కండక్టరు, "సాబ్, పెళ్లికా, ఇంటర్వ్యూకా?" అని అడిగాడు. లోపల బాపు దగ్గు రోజురోజుకూ లోతుకు పోతుండేది. నేను బయట వరండాలో వంశవృక్షం గీతలు కొడుతుండేవాణ్ని.

నాలుగో నెలలో జవాబు వచ్చింది. ఆ పాస్టరు నా ఉత్తరం అందించగా, దొర వంశంలోని ఒక వృద్ధురాలు మందపాటి కాగితం మీద రాసింది. పైన అదే డాలు, అదే కుక్కలాంటి సింహం. మా దొరకు పెళ్లే కాలేదట, పిల్లలు లేరట. కలరా సోకి తోటివాళ్లంతా దూరం జరిగినప్పుడు తన వంటవాడొక్కడే పక్కన కూర్చుని బతికించాడనీ, తరువాత అతడు బాప్తిస్మం తీసుకుంటే తానే సాక్షిగా నిలబడి తన పేరిచ్చాననీ ఆయన ఇంటికి రాసుకున్నాడట. నేను పరుగెత్తి మా పాస్టరయ్యను అడిగాను. "అప్పట్ల బాప్తిస్మానికి సాక్షిగ నిలబడ్డ దొర పేరే పెట్టుకుంటుండ్రి బిడ్డా. అందరికీ ఎర్కే గదా. నువ్వడిగితివా?" అన్నాడు.

బాపుకు ఇంక రోజులే మిగిలాయి. నా జీవితంలో మొదటిసారి ఒక కాగితాన్ని మోసానికి వాడాను. చిహ్నం, దొర పేరు ఉన్న పై భాగం మాత్రం కనబడేలా మడిచి కమిటీ పెద్దమనిషి ముందు పెట్టాను. ఆయన అద్దాలు తుడుచుకుని, "అబ్బో!" అని నిలబడ్డాడు. కిందికి చదవకుండానే అనుమతి మీద సంతకం చేశాడు.

ఇంటికి వస్తే బాపు ఉత్తరం చదవమన్నాడు. "మీరు మావాళ్లే, దేవుడు మిమ్మల్ని దీవించుగాక అని రాసిండ్రు బాపు" అన్నాను.

"రెండు కాయితాలల్ల గింతేనా? నాకు ఇంగ్లీషు రాకుంటే లెక్క గూడ రాదనుకున్నవా? సక్కగ సదువు."

చదివాను. మేనత్త గోడవైపు తిరిగింది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. "గంటె సంగతి గిప్పుడు సమజైంది" అంటూ ఇటు తిరిగింది. నవ్వుతోంది, కళ్ల నిండా నీళ్లు. బాపు ఆ పూట గంజి ముట్టలేదు. మర్నాడు పొద్దున నన్ను పిలిచాడు.

"గా గుంత కాయితం చింపెయ్."

"ఎందుకు బాపు? మస్తు కష్టపడి తెచ్చిన."

"మా తాత బతికినన్నొద్దులు ఆయన పక్కన నిలబడి వడ్డించిండు. సచ్చినంక నన్ను గూడ నిలబెడ్తవా? మా తాతను యాడ పెట్టిండ్రో అడిగి రా. ఆడ పెట్టు."

అడిగి వచ్చాను. నౌకర్లను తోట వెనుక గోడ అవతల పాతిపెట్టేవారట, రాయి కూడా వేయకుండా. ఇప్పుడు అక్కడ రోడ్డు. అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు, వినే ఓపిక బాపుకు లేదు. "అయితే మనోళ్లల్లనే పెట్టు. ఫికర్ చెయ్యకు" అన్నాడు. తొమ్మిదో రోజు పోయాడు. మా బస్తీ వాళ్ల శ్మశానంలోనే పెట్టాం. దర్జీ భాయ్ కూడా ఒక భుజం పట్టాడు.

ఎదురింటి మేస్త్రీ సిమెంటు పలక పోసి, అది ఆరకముందే, "పేరు కింద ఏం రాయాలె అన్నా?" అని అడిగాడు. ఆ పలక మీద చెక్కించడానికి నా ఫైలులో డాలు బొమ్మ కొలతలతో సహా సిద్ధంగా ఉండేది. నేను నోరు తెరిచేలోగా మేనత్త, "ఫలానా వంటాయన మనుమడు అని రాయి" అంది.

"ఫలానా అంటే? ఆయన పేరేంది అక్కా?"

మేనత్త నావైపు చూసింది. దొర పేరు, దొర ఊరు, దొర కుక్క, అన్నీ నా దగ్గర ఉన్నాయి. బాప్తిస్మానికి ముందు మా ముత్తాతను వాళ్లమ్మ ఏమని పిలిచిందో మాత్రం ఏ గడిలోనూ లేదు. మేస్త్రీ తాపీ ఎత్తి, "ఆరిపోతదన్నా" అని, 'వంటాయన మనుమడు' అని మాత్రం గీశాడు. ఇప్పటికీ ఏటా వెళ్లి ఆ అక్షరాల్లో పట్టిన మట్టి పుల్లతో తీస్తుంటాను. టై కట్టుకుని ఏడు సముద్రాల అవతల తాతను వెతికిన ఆ కుర్రగుమాస్తా గుర్తొస్తే నవ్వొస్తుంది. పాపం, చాలా శ్రద్ధగల మనిషి. అడగవలసినది తప్ప అన్నీ అడిగాడు.