గొర్రెలు గుర్తుపట్టని గొంతు

దాసన్న మాట పోయి రెండేళ్ళయింది. గొంతులో గడ్డ లేస్తే బెంగళూరు డాక్టర్లు కోసి తీసేశారు, గడ్డతోపాటు మాటా పోయింది. ఇప్పుడు మెడకింది చిన్న రంధ్రంలోంచి గాలి పీలుస్తాడు. ఏదైనా చెప్పాలంటే చేత్తో చెప్తాడు, చెయ్యి చాలకపోతే కళ్ళతో.

మంద కాసేవాడికి గొంతు పోవడమంటే ఏమిటో రాయచెర్లులో ఎవరినడిగినా చెప్తారు. ఏ కాపరి కూత వానిదే. పక్కవాడు గుండె పగిలేలా అరిచినా ఇంకొకరి గొర్రె తల ఎత్తదు. అందుకే ఆపరేషనుకు పోయే ముందురోజు ఆయన భార్య నరసక్క ఆయన్ని మంద మేసే రాతిగుండు మీదికి తోలుకుపోయి, ఫోను నోటి ముందర పెట్టింది.

"పిలువు. కడసారి అనుకోవాకు, ఊరికే పిలువు."

"ఓ... హోయ్! త్త త్త త్త!" అని పిలిచాడు దాసన్న. అది ఫోనులో వేసిన మెమరీ కార్డులో పడింది.

అప్పటినుంచి ఆ కూతే మందను నడిపింది. చేలన్నీ సోలారు పలకల కింద పోయాక మేత కంచెల నడిమి దారుల్లోనే. ఏ దారి చూసినా ఒకటే తీరు. అటు పలకలు, ఇటు పలకలు, పైన ఒక ఆకాశం, పలకల్లో ఇంకొకటి. ఒక గొర్రె దారి తప్పిందంటే కూత తప్ప దాన్ని తెచ్చేది ఇంకోటి లేదు.

శివరాత్రి వెళ్ళిన వారానికి ఫోను ఒక ప్రశ్న పట్టుకుంది. లోపలి సిస్టం కొత్తది వేసుకోవాలి, సరేనా అని పొద్దునా అడుగుతుంది, సాయంత్రమూ అడుగుతుంది. మూడోరోజు నరసక్క, పోరుపెట్టే చుట్టాన్ని సాగనంపినట్టు, సరే అని నొక్కేసింది.

మరునాటి మిట్టమధ్యాహ్నం దాసన్న ఫోను పైకెత్తి కూత పెట్టాడు. అదే కూత. అదే గొంతు. కానీ కడిగి ఆరేసినట్టుంది. గుండుమీది గాలి లేదు. మెడగంటలు లేవు. రెండు కూతల నడుమ ఆయన ఊపిరి తీసుకున్న చప్పుడు లేదు. ఊపిరి తీయని నోరేదో ఆయన పేరు పెట్టుకుని పిలుస్తున్నట్టుంది.

గొర్రెలు రాలేదు. పారిపోనూ లేదు. అన్నీ ఒకదానికొకటి ఒత్తుకుని, తోకలు లోపలికీ ముఖాలు బయటికీ పెట్టి, గుండ్రంగా నిలబడ్డాయి. తోడేలు వాసన తగిలితే తప్ప అట్లా నిలబడవు. ఆయన చుట్టూ చూశాడు. పలకల్లో ఎండ తప్ప ఏమీ లేదు.

నాలుగురోజులు అదే తంతు. చెవి పట్టి ఒక్కొక్కదాన్నే ఈడ్చుకురావాల్సి వచ్చింది. రెండు దొరకనే లేదు. దానికితోడు ఫోను వీపు ఉబ్బి, నిండు చూలాలి పొట్టలా అయింది.

"మందను వచ్చే సంతకు తోలేస్తామయ్యా," అంది నరసక్క. "యాడని ఎతుకుతావు నువ్వు, నోరు లేకుండా?"

దాసన్న ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పొద్దున్నే ఫోను సంచిలో వేసుకుని వై.ఎన్.హొసకోట బస్సెక్కాడు. నరసక్క గొణుక్కుంటూ వెనకే ఎక్కింది.

ఫోన్లు బాగుచేసే నాగరాజ ఉబ్బిన వీపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"జిగురేసి మూసినారక్కా దీన్ని. తెరిస్తే అద్దం పగులుతాది. ఇంకోటి తీసుకోండి."

"ఆ మెరిసేది ఇయ్యప్పా," అని నరసక్క అద్దాల అరలోని కొత్త ఫోను చూపించింది.

నాగరాజ మెమరీ కార్డు తీసి మెరిసే ఫోనులో వేశాడు. కూత వినిపించింది. కడిగిన గొంతే. దాసన్న ఒంటిమీద వెంట్రుకలు లేచాయి. వద్దని చెయ్యి ఊపాడు.

"ఏందన్నా, బాగుండాది కదా? కొత్త ఫోన్లు గోల తీసేసి వినిపిస్తాయి. ఎవరూ అడగక్కరలా, అవే చేస్తాయి. నీ పాత దానికీ ఆ గుణమే పట్టినట్టుండాది."

"గోలంటే?"

"గాలీ అదీ. పక్కన ఎవురన్నా దగ్గినా తీసేస్తాది."

"ఆపొద్దు దగ్గినది నేనే!" అంది నరసక్క. "నన్ను గోల కింద కట్టిందా ఇది?"

నాగరాజ నవ్వుతూ అడుగు అరలోంచి ఇటుకలాంటి ఫోనొకటి తీశాడు. గోటితో వీపు ఊడదీశాడు, బ్యాటరీ అరచేతిలో పడింది. లోపల అన్నీ మామూలు మరలే.

"ఇది తెరిచి మూసే దానికే చేసినారు. ఏ ముక్క పోతే ఆ ముక్కే మార్చుకోవచ్చు. కంపెనీవాళ్ళు ఎక్కించిన సిస్టం తీసేసి వేరేది ఎక్కించుకునేదానికీ ఒప్పుకుంటాది. ఎవరెవరో కూడి రాసి, ఊరికే అందరికీ ఇచ్చినది నేను ఎక్కించినా. మీరు చెప్పకుండా ఇది ఏమీ మార్చదు. కానీ ముందే చెప్తాండా, ఫోటోలు అంత బాగా రావు. కొన్ని బ్యాంకు యాపులు దీంట్లో నడవవు."

"గొర్రెలకు బ్యాంకు యాడుండాది లేప్పా. పెట్టు."

కార్డు అందులోకి మారింది. ముందు గాలి వచ్చింది. తర్వాత గంటలు. ఖళ్ళుమని నరసక్క దగ్గు. అప్పుడు, "ఓ... హోయ్!"

బండిచక్రాలు, బస్సు హారన్లు సాగుతున్న ఆ బజారులో దాసన్న కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. మెడకింది రంధ్రం దగ్గరికి చెయ్యి దానంతటదే పోయింది. ఊపిరి అక్కడినుంచి వచ్చిందా, ఫోనులోంచి వచ్చిందా అని తడుముకున్నాడు. కళ్ళు తెరిచి, ఆ ఇటుకనే వేలితో చూపించాడు.

అదే సాయంత్రం, పొద్దు వాలకముందే, కంచెదారిలో నరసక్క ఫోను పట్టుకుని ముందు నిలబడింది. దాసన్న చివరన, తప్పిన గొర్రెల కోసం చూస్తూ ఉండిపోయాడు. కూత లేచింది. పలకలకు తగిలి, అన్ని వరసల్లోంచి దాసన్నలు పిలిచినట్టయింది.

గొర్రెలు కదిలాయి. పరుగెత్తాయి. తప్పిపోయిన రెండూ ఏ పలకల కిందనుంచో ఒళ్ళంతా దుమ్ముతో వచ్చాయి. అన్నీ దాసన్న మోకాళ్ళు రాసుకుంటూనే పోయాయి. ఒక్కటీ తలెత్తి ఆయన ముఖం చూడలేదు.

మంద దక్కింది. ఆయనకు ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. ముందు ఎవరో, తనకంటే రెండేళ్ళు చిన్నవాడు, నిండైన గొంతుతో ఊరివైపు పిలుచుకుపోతున్నాడు. దుమ్ములో ఆ మనిషి ఎట్లుంటాడో చూద్దామని దాసన్న అడుగులు గబగబా వేశాడు.

దారి మలుపులో నరసక్క చెయ్యి నొప్పి పుట్టి కూత ఆపింది.

గొర్రెలు ఉన్నచోటనే నిలిచిపోయాయి. వాటి వెనక దాసన్న కూడా, ఒక కాలు ఎత్తినవాడు ఎత్తినట్టే, మళ్ళీ పిలిచేదాకా నిలిచిపోయాడు.