ఆకుపచ్చ డాక్టరుగారు

షాంటిలీ అనే ఊళ్లో మా ఇంట్లో రంగు పెన్సిళ్లతో పూలూ ఆకులూ వేయడం నేర్పే రోజుల్లో, రిటైరైన డాక్టరుగారొకరు భార్యతో కలిసి వచ్చేవారు. నేనేం చెప్పబోయినా తలెత్తకుండా "నాకు తెలుసు" అనేవారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒక అక్టోబరులో మా పెరట్లోని ఎర్రటి మేపుల్ ఆకు ముందు పెట్టి, చూసి వేయమన్నాను. ఆయన ఆకుపచ్చ పెన్సిల్ అందుకుని బరబరా రుద్దేశారు.

"అంకుల్, ఒక్కసారి ఆకుని చూడండి."

"నాకు తెలుసు. ఆకు రంగు కాబట్టే ఆకుపచ్చ అన్నారు."

ఆ మహానుభావుడు అంతటితో ఆగలేదు. పక్కనే భార్య శ్రద్ధగా వేసుకుంటున్న ఎర్రటి ఆకు మీదా అదే పచ్చ పులిమారు. ఆవిడ పెన్సిల్ కింద పెట్టి, నాతో నెమ్మదిగా అన్నారు:

"ఊరుకోమ్మా. పేషెంట్లనీ ఇలాగే చూసేవారు."