కొండదేవుడి పుంజు

మా మేనత్త మొక్కిన దేవుడెవరో ఆమెకే తెలీదు.

మాది భోగాపురం దగ్గర సముద్రపొడ్డు. వేటకెళ్ళి వెనక్కొచ్చే పడవలకి దూరాన రామతీర్థం కొండలే గురుతు. ఒకసారి గాలివానకి మావ పడవ రెండు రోజులు రాలేదు. "కొండమీది సామీ, మా మడిసికి దారి సూపించు, పుంజుని కోస్తాను" అని అత్త మొక్కేసింది. మూడోనాడు మావ వచ్చాడు, "కొండ కనపడ్డాదే" అంటూ. మొక్కు తీరేదాకా పడవెక్కనివ్వనని అత్త పట్టుబట్టింది.

ఆదివారం ముగ్గురం కొండెక్కాం. పుంజు నా చంకలో. మావ దారిలోనే పంపకాలు పెట్టాడు, "తొడ నాది" అని. పుంజు అతనికేసి అదోలా చూసింది.

పైన రాతిగూట్లో చేతులు కిందికి వదిలి నిలబడ్డ విగ్రహం. ఒంటిమీద నూలుపోగు లేదు. అత్త కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఒరే, ఈయన బట్టలెవులు ఎత్తుకెల్లిపోనారు?"

ఆరో తరగతిలోనే బడికి దండం పెట్టినా, మా ముగ్గురిలో చదువరిని నేనే. కూడబలుక్కుని బోర్డు చదివాను: జైన తీర్థంకరుడు. ఇంతలో కాపలా ముసలాయన పుంజుని చూసి పరుగెత్తుకొచ్చాడు.

"దాన్నేటి సేస్తారు?"

"మొక్కు, బాబూ" అంది అత్త.

"తల్లీ, సీమని కూడా తొక్కకుండా నడిసిన సామి. ఒంటిమీద గుడ్డే వద్దనుకున్నోడు, పుంజునేటి సేసుకుంటాడు?"

అత్త బండమీద కూలబడింది. "మరి మొక్కు? రేపు మీ మావని ఏ దైర్నంతో పంపను?"



"కిందకెల్లి కోసుకుందాం. ఆయనకి కనపడదులే" అన్నాడు మావ.

"సముద్రంలోంచి నీకు కొండ కనపడతాది గానీ, కొండకి నువ్వు కనపడవా?" అని అత్త కసిరింది.

అత్త ముసలాయన్ని అడిగింది, "ఈయనకేటి ఇష్టం?"

"సంపకపోడం."

అత్త పుంజుని నా చేతిలోంచి తీసుకుని విగ్రహానికి ఎదురుగా పట్టింది. "సామీ, తెలీక కోస్తానన్నాను. కొయ్యను. అది సచ్చేదాకా మేపుతాను. సరేనా?"

గాలి వీస్తోంది. సామి ముఖంకేసి చాలాసేపు చూసి, "కాదన్లేదు" అని లేచింది.

మర్నాడు మావ వేటకెళ్ళాడు. పుంజు నాలుగేళ్ళు మా వీధిని ఏలింది. తిరిగొస్తూ కొండ కనపడగానే మావ తలగుడ్డ తీసి చెప్పేవాడు, కాస్త కసిగానే:

"సామీ, నీ పుంజు బాగానే ఉన్నాది."