మన్నుకప్పకు చెప్పిన అబద్ధం

మా చిన్నప్పుడు... ఒక మన్నుకప్పను మోసం చేసి చంపాం. చేసింది నేనూ, మా పెద్దమ్మ కొడుకు ఓబులేసూ. పిల్లలం కదా అని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. ఇక చెప్పుకోలేను.

ఆ ఏడు ఆషాఢం దాటినా చినుకు లేదు. వేసిన శెనక్కాయ విత్తనం భూమిలోనే వేగిపోయింది. కప్పతల్లి ఆడితే వాన పడుతుందని మా ఊరి నమ్మకం... తడిబట్టలో కప్పను మూటగట్టి, రోకలికి వేలాడదీసి, వేపమండలు చుట్టి ఇద్దరు పిల్లలు ఇంటింటికీ మోయాలి. ప్రతి ఇంట్లో ఆడవాళ్ళు దాని మీద చెంబెడు నీళ్ళు పోస్తారు.

అంతా సిద్ధమే... కప్పే లేదు. చేలల్లో బావులన్నీ ఎండిపోయాయి.

వంక ఒడ్డున మట్టిలో మన్నుకప్పలు నిద్రపోతుంటాయని మాకు తెలుసు. ఒక్కోటి చిన్న సంగటిముద్దలా గుండ్రంగా ఉంటుంది. తొలివాన పడిన సాయంత్రం పైకొచ్చి అరుస్తుంది. నేల ఆరేలోపు వెనక కాళ్ళతో మన్ను తోసుకుంటూ, మన వైపు చూస్తూనే వెనక్కి వెనక్కి భూమిలో మునిగిపోతుంది. మళ్ళీ వాన దాకా అంతే...

పారతో తవ్వుతుంటే ఏసోబు తాత వచ్చాడు. ఊళ్ళో బావులు తవ్వేది ఆయనే.

"ఏం తవ్వుతాండారప్పా?"

"కప్ప కోసం తాతా."

"మేము చర్చికి పోయేటోల్లం, మీ ఆట సంగతి నాకు తెల్దు. గానీ దాన్ని లేపద్దండి. నీళ్ళు పడితే వాన వచ్చినాదనుకుంటాది. అబద్దమని దానికెట్లా తెలుస్తాది?"

ఓబులేసు నవ్వాడు. "అయితే నువ్వే ప్రార్థన చేసి తెప్పీ తాతా వాన. కప్పను వదిలేస్తాం."

"చేస్తానే ఉండా నాయనా... ఆయన పలకడంల్యా."

మేం వినలేదు. మోకాలి లోతులో దొరికింది.

ఏడో ఇంటి ముందు చెంబు నీళ్ళు పడగానే బట్టలోంచి అరిచింది. "వానను పిలుస్తాంది" అని పెద్దమ్మ దండం పెట్టింది. ఊరంతా సంబరపడింది. అది పిలిచింది వానను కాదు... వాన వచ్చేసిందని నమ్మి తనవాళ్ళను. ఎవరూ పలకలేదు.

మధ్యాహ్నం తీసుకెళ్ళి వంక ఒడ్డున వదిలేశాం. నేల రాయిలా ఉంది. వెనక కాళ్ళతో గీకింది... గీకింది... మాకు ఆకలేసి ఇంటికి పోయాం. సాయంత్రం వచ్చి చూస్తే చీమలు పట్టి ఉన్నాయి. వేలెడు లోతు కూడా దిగలేదు. తల మేం పోయిన దారి వైపే ఉంది.

ఆ నెలంతా వాన రాలేదు.

పెద్దయ్యాక బస్టాండులో పంచే కరపత్రాలు పట్టుకుని చదవడం నేర్చుకున్నాను. సీమ నీళ్ళ గురించి ఏది చదివినా నాకు ఆ రోకలే కనిపిస్తుంది. ఓట్లప్పుడు మన మీద చెంబెడు నీళ్ళు పోసి, వాన వచ్చిందని మనచేత అరిపించి, తర్వాత ఎండలో వదిలేసి పోయేవాళ్ళు ఎవరో మీకు నేను చెప్పాలా?

ఇప్పుడు ఆ వంక ఒడ్డునే రోడ్డు పనికి మొరం తవ్వుతున్నారు. సగం ఒడ్డు పోయింది. అడిగితే కాంట్రాక్టరు, "పనికిరాని మన్నప్పా ఇది, ఈడ ఏముండాది?" అన్నాడు. నా చెయ్యి లేచింది. పక్కనున్న ఏసోబు తాత పట్టుకున్నాడు.

ఈ ఏడు తొలివాన సాయంత్రం తాతతో కలిసి అక్కడికి వెళ్ళాను. ఒకప్పుడు ఆ అరుపుల్లో మన మాట మనకే వినపడేది కాదు... మిగిలిన సగం ఒడ్డులోంచి ఒక్కటే అరిచింది. ఆగి ఆగి, చాలాసేపు. జవాబు రాలేదు.

తాతకు ఇప్పుడు చెవులు వినపడవు. "అరుస్తాండాయా?" అని అడిగాడు.

"శానా అరుస్తాండాయి తాతా" అని చెవిలో గట్టిగా చెప్పాను.

అది నా రెండో అబద్ధం. మూడోది చెప్పను.

మీ ఊళ్ళో తొలివానకు ఇంకా వినపడుతున్నాయా? కింద రాయండి... లేకపోతే లేవనే రాయండి.

శనివారం పొద్దున జేసీబీ మళ్ళీ వస్తుంది. అది ఏడింటికి వస్తుంది, మనం ఆరింటికే మిగిలిన ఒడ్డు మీద కూర్చుందాం. తాత అందరికన్నా ముందే వస్తానన్నాడు. పక్కన మనిషి ఉన్నాడో లేడో ఆయనకు చెవులతో తెలియదు... వచ్చి ఆనుకుని కూర్చోండి.